రోగిగా లేచినవాళ్లే మంచం పక్కన కూర్చోవాల్సి వస్తే

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. రెండేళ్ల కింద మీకు ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. చంకలోని లింఫ్ గ్రంథులూ తీశారు. కీమో, రేడియేషన్ పూర్తయ్యాయి, క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసే టామోక్సిఫెన్ గోళీ రోజూ నడుస్తోంది. మూడు నెలల కింద మీ బాపుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆయన పరకాల దిక్కు పత్తి రైతు, రోజూ సాయంత్రం కల్లు అలవాటు. ఆస్పత్రిలో మూడో రోజు సెలైన్ పైపులు పీకేసుకుని కేకలు పెడితే చుట్టాలు గాలి సోకిందన్నారు. ఇప్పుడు హనుమకొండలో మీ ఇంట్లోనే ఉన్నారు, అన్న దుబాయిలో ఉన్నాడు. మీకు నిద్ర లేదు, బాపు మీద అరుస్తున్నారు, అరిచాక వంటింట్లోకి పోయి ఏడుస్తున్నారు. "నేనే పేషెంటుగ ఉన్నదాన్ని, నాకే ఓపిక లేకపోతే ఎట్ల? నాకు పిచ్చి పడుతున్నదా?" అన్నారు. వచ్చే నెల మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు, పోవాలా, వాయిదా వేయాలా, బాపుకు చెప్పాలా వద్దా అని కూడా అడిగారు.

పిచ్చి కాదు, చెల్లెమ్మా. నేను క్లినికల్ సైకాలజిస్టుని. పేషెంటుగా మంచం మీదా పడుకున్నాను, అటెండెంటుగా మంచం పక్కనా కూర్చున్నాను. నా సంగతి అంతవరకు చాలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టే తిరుగుతుంది. మీరు పేషెంటుగా ఉండడం మానేసి సేవ చేసే మనిషిగా మారిపోలేదు, ఇప్పుడు మీరు రెండూ. మీ ఇంట్లో రెండు ఫైళ్లున్నాయి, రెండూ తెరిచే ఉండాలి. మీలాంటి వాళ్ల దగ్గర నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే: ఇంట్లోకి రెండో ఫైలు రాగానే తమ ఫైలును బీరువాలో అడుగుకు తోసేస్తారు.

రోగిగా గడిపిన అనుభవం కొన్ని చోట్ల నిజంగా అక్కరకొస్తుంది. చెప్పకుండా దుప్పటి లాగితే ఎట్లుంటుందో, మనిషి ఎదుటనే ఉండగా ఆయన లేనట్టు మాట్లాడుకుంటే ఎట్లుంటుందో మీకు తెలుసు. రిపోర్టు కోసం ఎదురుచూసే రెండు రోజులు ఎంత పొడుగో తెలుసు. అది వాడుకోండి. కానీ అదే అనుభవం మూడు చోట్ల దారి తప్పిస్తుంది.

మొదటిది, ఆయన బాధను మీ బాధతో కొలవడం. కీమో రోజుల్లో మీకు అన్నం వాసన పడలేదు కాబట్టి, ఆయన ముద్ద ఉమ్మేస్తే వికారమేమో అనుకుంటారు. పక్షవాతంలో గొంతు కండరాలు పట్టు తప్పి మింగడమే కష్టమై ఉండొచ్చు. నీళ్లు తాగాక దగ్గు, తిన్నాక గొంతులో గరగర, బుగ్గలో మిగిలిపోయే ముద్ద, ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా నోటితో పెట్టడం ఆపి డాక్టరుకో, మాటా మింగడమూ సరిచేసే స్పీచ్ థెరపిస్టుకో చూపించండి. ఇలాంటివాళ్లకు పలచటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. ఏ చిక్కదనంలో పెట్టాలో వాళ్లు చూసి చెప్తారు. ఏం పెట్టినా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్న తర్వాత అరగంట పడుకోబెట్టొద్దు. ఇది పాటించక ఊపిరితిత్తుల్లోకి అన్నం పోయి న్యుమోనియాతో మళ్లీ ఆస్పత్రి పాలైనవాళ్లు చాలామంది.

రెండోది, మీ భయం ఆయనకు అంటడం. స్పిరిట్ వాసన తగలగానే మీ గుండె దడదడలాడటం, కడుపులో తిప్పడం సహజం, శరీరం కీమో వార్డును మరచిపోలేదు. బాపుకు మాట రాకపోయినా మీ ముఖం చదవగలరు. ఆస్పత్రికి బయలుదేరేముందు "ఇది నా పాత భయం, ఈ రోజుది కాదు" అని పైకే అనుకోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చేస్తే దడ తగ్గుతుంది, వదిలే ఊపిరి పొడుగ్గా ఉండడమే అందులో కిటుకు. పీడకలలు, ఉన్నట్టుండి ఆ దృశ్యాలు కళ్లముందు ఆడటం, ఆస్పత్రి ఉన్న రోడ్డే తప్పించుకుని తిరగడం నెల దాటినా పోకపోతే అది విడిగా చికిత్స చేయాల్సిన సమస్య. దానికి మంచి చికిత్స ఉంది, ఓర్చుకోవాల్సిన పని లేదు.

మూడోది అన్నిటికన్నా చేటు చేస్తుంది. "క్యాన్సరొస్తెనే లేసి తిరిగిన, నువ్వు కాలు గూడ లేపుతలేవు" అనడం. మీరు అన్నారో లేదో నాకు తెలియదు, కానీ ఈ మాట చాలా ఇళ్లలో విన్నాను. మీరు కోలుకున్నది మందు పనిచేసి. ఆయన కాలు లేవనిది మెదడు నుంచి కాలికి పోయే దారి దెబ్బతిని. రెండింట్లోనూ పట్టుదల పాత్ర చిన్నది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఈ నెలల్లో ఆయనకు కావాల్సింది రోజూ ఫిజియోథెరపీ, రోజూ మాట సాధన.

ఇప్పుడు మీ చెయ్యి సంగతి. దీని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, అందుకే గట్టిగా చెప్తున్నాను. చంక గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు వచ్చే అవకాశం ఏళ్ల తరబడి ఉంటుంది. మెల్లమెల్లగా పెంచే వ్యాయామం ఆ చేతికి మంచిదే. అలవాటు లేని బరువును ఒక్కసారిగా లాగడమే చెడ్డది, మంచంలోంచి మనిషిని లేపడం సరిగ్గా అలాంటి పని. వారానికోసారి కుట్టుపని టేపుతో రెండు చేతులనూ మోచేతికి పది సెంటీమీటర్ల పైన, పది సెంటీమీటర్ల కింద కొలిచి రాసుకోండి. తేడా రెండు సెంటీమీటర్లకు చేరినా, గాజులు బిగుతైనా, చెయ్యి బరువెక్కినట్టున్నా మీ క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

బాపును మంచం మీంచి కుర్చీలోకి మార్చే పద్ధతి ఇది. కుర్చీ ఆయన బాగున్న వైపు, అంటే ఎడమ వైపు, మంచానికి కొంచెం ఏటవాలుగా ఆనించి పెట్టండి. కదలని కుర్చీ కావాలి, ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. ఆయన్ని మంచం అంచుకు జరిపి, రెండు పాదాలూ నేలమీద ఆనేలా కూర్చోబెట్టి ఒక నిమిషం ఆగండి. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. ఆయన చేతులు మీ మెడ చుట్టూ వేయించుకోవద్దు, ఎడమ చేత్తో కుర్చీ చేతిని పట్టుకోమనండి. మీ మోకాలిని ఆయన కుడి మోకాలికి అడ్డంగా ఆనించండి, అది మడుచుకుపోకుండా. ముందుకు వంగమని చెప్పి, వంగిన తర్వాతే లేపి తిప్పి కూర్చోబెట్టండి. వంగకుండా లేపితే బరువంతా మీ మీద పడుతుంది. పడిపోయిన కుడి చేతిని పట్టి లాగడం, చంకల కింద చేతులేసి ఎత్తడం ఎప్పుడూ వద్దు. భుజం కీలు జారుతుంది, ఆ నొప్పితో ఫిజియోథెరపీ మొత్తం ఆగిపోతుంది. మంచంలో పైకి జరపాలంటే ఆయన కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచులు చుట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపాలి. ఒక్కరే చేయొద్దు, ముఖ్యంగా మీరు. ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఇదంతా ఒకసారి మీ చేత చేయించి దిద్దమనండి. మంచంలోనే ఎక్కువసేపు ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి.

అరుపుల గురించి. మనిషి రోజంతా అరవడు, కొన్ని వేళల్లోనే అరుస్తాడు. ఏ వేళో ఒక వారం కాగితం మీద రాయండి: టైము, ఏం పని జరుగుతోంది, అంతకుముందు మీరు ఎప్పుడు తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు. ఎక్కువ ఇళ్లలో అది స్నానమో, రాత్రి మూడోసారి పక్క తడవడమో, అన్నం పెట్టే వేళో అని తేలుతుంది. తేలితే ఆ ఒక్క పనికి మనిషిని పెట్టుకోవచ్చు, లేదా టైము మార్చుకోవచ్చు. "ఇక అరవను" అని ఒట్టు పెట్టుకోవడం వల్ల మాత్రం ఏమీ కాదు.

మీ ఇంట్లో అరుపుకు ఇంకో కారణం ఉందని నా అనుమానం. బాపులా ఎడమ మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్లకు అనుకుని చెప్పాల్సిన మాట రాదు, అలవాటుగా వచ్చే మాట మాత్రం వస్తుంది. ఒకటి రెండు మూడు లెక్క వస్తుంది, దేవుడి పేరు వస్తుంది, తిట్టు వస్తుంది. పాట పల్లవి కూడా రావచ్చు. "మంచినీళ్లు" మాత్రం రాదు. ఇంట్లోవాళ్లు "తిట్టొస్తది గని అడిగింది చెప్పడు, కావాలని సతాయిస్తుండు" అనుకుంటారు. కావాలని కాదు. ఆ రెండు రకాల మాటలకూ మెదడులో దారులు వేరు. ఇది తెలిశాక చాలామందికి కోపం సగం దిగిపోవడం చూశాను.

మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి. ఎదురుగా కూర్చుని, ఒక వాక్యంలో ఒకే సంగతి అడిగి, పది సెకన్లు ఆగండి. పది సెకన్లు చాలా పొడుగనిపిస్తుంది, అయినా ఆగండి. ఆయన మాట మీరు పూర్తిచేయొద్దు. అవును, కాదు అనే తల ఊపును నమ్మేముందు ఒకసారి పరీక్షించండి: "ఇది మన ఇల్లేనా?", "ఇప్పుడు రాత్రా?", "నేను నీ బిడ్డనా?", ఇట్లా జవాబు తెలిసినవే పది ప్రశ్నలు కలగలిపి అడగండి. పదిలో ఎనిమిదింటికి సరిగ్గా ఊపితే ఆ ఊపును నమ్మొచ్చు. లేకపోతే రెండు వస్తువులు ముందు పెట్టి చూపించమనాలి. బజార్లో దొరికే బొమ్మల చార్టుకన్నా మీ ఇంటి చెంబు, మీ ఇంటి ఫ్యాను, మూత్రం డబ్బా, ఆయన దుప్పటి ఫోన్‌లో ఫొటో తీసి ప్రింటు వేయించినవి మంచివి. నొప్పికి ఒక కార్డు తప్పకుండా ఉండాలి.

పలకరించడానికి వచ్చేవాళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. మన దిక్కు ఊరి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి, పండ్లు పక్కన పెట్టి, మంచం ముందే "అయ్యో, ఎట్లుండెటోడు ఎట్లయిపాయె" అని ముక్కు చీదుతారు. ప్రేమతోనే అంటారు. మాట రాని మనిషికి చెవులు పనిచేస్తాయని వాళ్లకు తోచదు. గడప దగ్గరే ఆపి, "బాపుకు అన్నీ అర్థమైతయి, ఆయనతోనే మాట్లాడుండ్రి, పంట ముచ్చట చెప్పుండ్రి" అని చెప్పండి. సాయంత్రం ఒక గంట మాత్రమే చూడనిస్తామని ఊళ్లో ఒకరికి చెప్తే అందరికీ తెలుస్తుంది.

ఆస్పత్రిలో మూడో రోజు జరిగింది గాలి కాదు. మన జిల్లాల్లో చాలా చోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగే మనిషికి అది ఒక్కసారిగా బందైతే, ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, కొందరికి ఫిట్స్ మొదలవుతాయి. ఆస్పత్రిలో చేర్పించే రోజే "రోజూ కల్లు తాగుతడు" అని డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి దాచే మాట కాదది. తెలిస్తే మందిచ్చి, మెల్లగా తగ్గించి కాపాడతారు. ఆ కేకలకు పక్షవాతం, జ్వరం, రక్తంలో ఉప్పు (సోడియం) తగ్గడం కూడా తోడై ఉండొచ్చు. ఇకముందు కూడా ఆయన ఉన్నట్టుండి, గంటల్లో, అయోమయంగా మారితే లేదా మరీ మత్తుగా పడి ఉంటే, అది మనసు జబ్బు అనుకోకండి. మూత్రం ఇన్ఫెక్షన్, మూత్రం బిగిసిపోవడం, మలబద్ధకం, సోడియం తగ్గడం, కొత్తగా వేసిన మందు, వీటికోసం ఆ రోజే చూపించాలి.

దీనికే తోకగా ఇంకో మాట. ఎవరో ఒకరు జాలిపడి "పానం గుంజుతుంటది పాపం" అని ఒక సీసా తెస్తారు. తాకనివ్వొద్దు. మూడు నెలలు మానేసిన శరీరానికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోయింది, మత్తులో మింగడం ఇంకా దెబ్బతింటుంది, ఊపిరి మందగిస్తుంది.

బాపు ఏడుపుల్లో రెండు రకాలున్నాయి, తేడా చూడండి. వీడియో కాల్‌లో కొడుకు కనిపించగానే గొల్లుమని, ఒక నిమిషంలో మాట మారిస్తే ఆగిపోయేది మెదడు దెబ్బ వల్ల కన్నీటి మీద అదుపు తప్పడం. దానికి ఓదార్పుకన్నా మాట మార్చడమే మందు. రెండోది వేరు: ఫిజియోథెరపిస్టు వస్తే గోడవైపు తిరగడం, ఇష్టమైన పచ్చిపులుసు పెట్టినా పక్కకు నెట్టడం, తెల్లవారుజామునే లేచి కళ్లు తెరుచుకుని పడుకోవడం రెండు వారాలు దాటి ఉంటే అది డిప్రెషన్. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. మందుతో తగ్గుతుంది, తగ్గితే కాలు చెయ్యి వ్యాయామమూ ముందుకు సాగుతుంది. మాట రాని మనిషి "నాకు దిగులుగ ఉన్నది" అని చెప్పలేడు, మీరే చూసి చెప్పాలి.

బీపీ గోళీ, రక్తం పలచబరిచే గోళీ, కొలెస్ట్రాల్ గోళీ, ఈ మూడూ డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. "బీపీ నార్మల్ వచ్చింది కదా" అని ఆపేయడమే రెండోసారి పక్షవాతానికి రాచబాట. మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబాటు మళ్లీ కొత్తగా వస్తే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే పోండి. మెదడు నాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది. నిద్రలో వస్తే లెక్క లేచిన టైము నుంచి కాదు, చివరిసారి బాగున్నట్టు చూసిన టైము నుంచి. ఆ టైము చెప్పగలిగేది మీరే.

ఇక మీ నిద్ర, మీ మనసు. నిద్రలేమికి మేము మామూలుగా చేయించే పద్ధతిలో మంచం మీద ఉండే గంటలు తగ్గిస్తాం. రాత్రిళ్లు లేవాల్సిన మనిషికి అది సరిపడదు, ఎవరైనా చెప్పినా ఇప్పుడు మొదలుపెట్టకండి. మీకు కావాల్సింది రోజూ ఒకే వేళకు, ఎవరూ లేపని నాలుగైదు గంటల ముక్క. రాత్రి పది నుంచి రెండున్నర వరకు ఇంకొకరు, ఆ తర్వాత మీరు. రోజూ కుదరకపోతే వారంలో మూడు రాత్రులైనా. బాపుకు మూత్రం డబ్బా మంచానికే తగిలించండి. రోజుకు తాగాల్సిన నీళ్లు తగ్గించకుండా, ఎక్కువ భాగం సాయంత్రంలోపే తాగించండి. మూత్రం ఎక్కువ పోయే గోళీ రాత్రి వేస్తుంటే పొద్దున్నకు మార్చొచ్చా అని డాక్టరును అడగండి. ఈ ఒక్క మార్పుతో రాత్రి లేవడాలు తగ్గిన ఇళ్లు ఎన్నో. ఒళ్లంతా వేడెక్కి చెమట పట్టి మెలకువ వస్తుంటే అది టామోక్సిఫెన్ వల్ల కావొచ్చు, మీ క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం తెచ్చుకోవద్దు. అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, పైగా రాత్రి బాపు పిలుపు మీకు వినపడదు.

మీకున్నది అలసటా, డిప్రెషనా? పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వేసుకోవాలి, మొత్తం 27. పది గానీ ఎక్కువ గానీ వస్తే నిపుణులకు చూపించాలి. మీ విషయంలో ఒక మెలిక ఉంది. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత ప్రశ్నలకు మీ జబ్బూ మీ చాకిరీ కూడా మార్కులు తెచ్చిపెడతాయి. అందుకని మొదటి రెండు ప్రశ్నలు విడిగా చూడండి: దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండడం. ఆ రెండూ కలిపి మూడు గానీ ఎక్కువ గానీ వస్తే అలసట అని తోసేయకండి. తొమ్మిదోది చావు ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా అదే రోజు ఒక మనిషితో చెప్పాలి. "ఇద్దరం ఒక్కసారే పోతే బాగుండు" అనే ఆలోచన కూడా ఇందులోకే వస్తుంది. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఊరి నుంచి సామానుతో పాటు పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంటికి వచ్చి ఉంటే, మీకు అలాంటి ఆలోచన లేకపోయినా, ఈ వారమే ఇంట్లోంచి తీసేయించండి. బాపు కోసమూ, మీ కోసమూ.

డిప్రెషన్ అని తేల్చేముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్ చూపించుకోండి. సైకాలజిస్టు మందు రాయడు, మాటతో చికిత్స చేస్తాడు, మందు సైకియాట్రిస్టు రాయాలి. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, బాపు చెకప్‌కు పోయే రోజే మీ చీటీ కూడా రాయించుకోండి.

సైకియాట్రిస్టు ముందు కూర్చోగానే మొదట చెప్పాల్సిన మాట "నేను టామోక్సిఫెన్ వేసుకుంటున్నాను". ఈ ముక్క చెప్పడం మరచిపోవద్దు. టామోక్సిఫెన్ లివర్‌లో ఒక ఎంజైమ్ ద్వారా అసలు పనిచేసే రూపంలోకి మారుతుంది. డిప్రెషన్ మందుల్లో పారాక్సిటీన్, ఫ్లూయాక్సిటీన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి, దాంతో క్యాన్సర్ మందు బలం తగ్గొచ్చు. వెన్లాఫాక్సిన్ లాంటివి అంతగా అడ్డుకోవు. ఏది వేయాలో డాక్టరు నిర్ణయిస్తారు, కానీ చెప్పకపోతే వాళ్లకు తెలియదు. ఏ మందైనా పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి మానేయకండి, బాగైందని ఒక్కసారిగా ఆపకండి.

అన్న విషయం. దూరాన ఉన్నవాళ్లు రోజూ ఫోన్ చేసి "ఇది పెట్టు, అది పెట్టకు, హైదరాబాద్ తీస్కపో" అంటారు. ప్రేమా, అక్కడ ఉండలేకపోయామన్న బాధా కలిసి వచ్చే మాటలవి. వాదించకండి, పని అప్పజెప్పండి. "నాకు సాయం చెయ్" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "రాత్రి మనిషి జీతం నెలనెలా ఐదో తారీఖులోపు పంపు", "రోజూ సాయంత్రం ఏడింటికి బాపుతో పదిహేను నిమిషాలు వీడియోలో మాట్లాడు, ఆ టైముల నేను స్నానం చేస్త" అనండి. దివ్యాంగుల సర్టిఫికెట్‌కు స్లాటు, కాగితాల పని కూడా అతనికే ఇవ్వొచ్చు. పక్షవాతానికి సాధారణంగా ఆరు నెలల తర్వాతే లెక్క కడతారు, 40 శాతం గానీ ఎక్కువ గానీ ఉంటే పింఛనుకు అడగొచ్చు. అప్పటిదాకా డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టులు ఒక్కటీ పోకుండా ఫొటోలు తీసి అన్నకు పంపండి.

చివరగా మామోగ్రామ్. పోవాలి, వాయిదా వద్దు. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఏడాదికోసారి మామోగ్రామ్, మధ్యలో డాక్టరు చెకప్‌లు చికిత్సలో భాగమే. బాపుకు చెప్పండి. దాచితే ఆయన మీ ముఖంలో ఆందోళన చూసి తన గురించే అనుకుంటారు. ఎదురుగా కూర్చుని మీ ఫైలు చూపించి, "ఇది నా చెకప్. రేపు పొద్దున పోత. పగటాల్లకు వస్త" అని మూడు ముక్కల్లో చెప్పి, ఆయన తల ఊపేదాకా ఆగండి. ఆ పూట ఆయన దగ్గర ఎవరుంటారో కూడా పేరుతో చెప్పి, ఫొటో ఉంటే చూపించండి. కూర్చునే మనిషికి ముందు రోజే మింగించే పద్ధతి, మందుల టైము, మూత్రం డబ్బా, మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసివ్వండి. రిపోర్టు అదే రోజు ఇస్తారా, మరునాడా అని అడిగి తెలుసుకోండి. మరునాడైతే ఆ రాత్రి డ్యూటీ మీరు పెట్టుకోకండి. పోయేటప్పుడు పోయినసారి ఫిల్ములు, రిపోర్టు వెంట ఉండాలి, వాటితో పోల్చి చూస్తేనే కొత్త మార్పు తెలుస్తుంది. మీ చేతి కొలతలు రాసుకున్న కాగితం కూడా అదే కవర్లో పెట్టుకోండి.